పెరటి గడియ సంగతి చూశాకే కెమెరాలు

ప్రశ్న: మాది విజయనగరం, రింగురోడ్డు వైపు కాలనీ. మా వారు రిటైర్డ్ టీచరు. కింద మేమిద్దరం ఉంటాం, పైన ఒక గది, వంటిల్లు ఖాళీగా ఉన్నాయి. అమ్మాయి డెలివరీకి రెండు నెలలు హైదరాబాదు వెళ్ళాలి. కిందటి నెల మా వెనక వీధిలో తాళం వేసిన ఇంట్లో దొంగలు పడ్డారు. అప్పట్నించి నాకు సరిగా నిద్ర లేదు. సీసీ కెమెరాల అతన్ని పిలిస్తే నాలుగు కెమెరాలకి ముప్ఫై వేల దాకా అవుతుందన్నాడు. మేము పది వేలకి మించి పెట్టలేం. ఎదురింటాయన పెరటి గేటుకి కరెంటు తీగ చుట్టేయమంటున్నారు. బీరువాలో పదిహేను తులాల బంగారం ఉంది. పైభాగం అద్దెకిచ్చేస్తే మంచిదా అని కూడా అనిపిస్తోంది. ఏం చేయమంటారు?

– ఒక పాఠకురాలు, విజయనగరం

సమాధానం:

అమ్మా, ముందు ఆ కరెంటు తీగ మాట. వద్దు. ఎదురింటాయన మీ మంచి కోరే చెప్పి ఉంటారు, అయినా ఆ పని చేయకండి, ఇంకెవరినీ చేయనివ్వకండి. ఆ గేటు ముట్టుకునేది దొంగే అని ఎవరు చెప్పగలరు? బంతి కోసం గోడ దూకే పక్కింటి పిల్లాడు కావచ్చు, మీటరు రీడింగుకి వచ్చిన కుర్రాడు కావచ్చు, వానలో తడిసి వచ్చిన మీ వారే కావచ్చు. అడవి పందుల కోసం పొలం గట్ల మీద పెట్టిన తీగలు తగిలి మనుషులు పోయారన్న వార్తలు మన వైపు చదువుతూనే ఉన్నాం. ఒక ప్రాణం పోతే, వచ్చినవాడు నిజంగా దొంగే అయినా, తీగ పెట్టినవాళ్ళ మీదే కేసు. ఈ వయసులో మీ ఇద్దరికీ ఆ కష్టం రాకూడదు.

ఇక అసలు సంగతి. మీ ఉత్తరమంతా చదివాను. కెమెరాల లెక్క ఉంది, బంగారం లెక్క ఉంది. పెరటి తలుపు ఊసే లేదు. తాళం వేసిన ఇంటికి వచ్చేవాడికి కావలసింది మూడు: లోపల ఎవరూ లేరన్న నమ్మకం, చప్పుడు లేకుండా లోపలికి దారి, తొందరగా చేతికి దొరికే సొమ్ము. ఈ మూడింటినీ దెబ్బకొట్టడానికి మీ పది వేలు సరిపోతాయి, ఇంకా మిగులుతాయి కూడా. కెమెరా ఈ వరుసలో చివర వస్తుంది.

ఈ రోజు సాయంత్రం దీపాలు పెట్టాక మీరిద్దరూ వీధిలోకి వెళ్ళి, ఇల్లు మీది కాదనుకుని చుట్టూ ఒకసారి తిరగండి. ప్రహరీ ఎక్కడ తక్కువ ఎత్తులో ఉంది? జామచెట్టు కొమ్మ డాబా పిట్టగోడ దాకా వచ్చిందా? పక్కన ఖాళీ స్థలంలో తుప్పలు మనిషి దాగేంత పెరిగాయా? నిచ్చెన పెరట్లోనే ఆనించి ఉందా? ప్రహరీ పక్కన పడి ఉన్న ఇనుప రాడ్డు, గునపం, పాత ఇటుకలు లోపల పెట్టేయండి. తాళం పగలగొట్టడానికి దొంగ పనిముట్లు మోసుకురావాలనేం లేదు, చాలాసార్లు మన పెరట్లోవే వాడికి పనికొస్తాయి. వీధి దీపం వెలగకపోతే వార్డు సచివాలయంలో ఫిర్యాదు రాయించండి. వెలిగేదాకా వదలకుండా అడగండి. దానికి పైసా ఖర్చు లేదు.

ఆ తర్వాత పెరటి తలుపు దగ్గరకి రండి. లోపలి గడియకి ఉన్న ఒక స్క్రూ విప్పి చేతిలో పెట్టుకుని చూడండి. చాలా ఇళ్ళలో అది గోరంత పొడవుంటుంది. వానలకి చెక్క ఉబ్బి, ఎండలకి ఎండి, పట్టు ఎప్పుడో వదిలేసి ఉంటుంది. నాలుగు స్క్రూలు ఉండాల్సిన చోట రెండే ఉంటాయి, వాటినీ వదులవకుండా అగ్గిపుల్ల ముక్కలు దోపి బిగించి ఉంటారు. వీధి గుమ్మానికి టేకు తలుపు చేయించి, వేల రూపాయల తాళం పెట్టినవాళ్ళే పెరటి గుమ్మాన్ని ఇలా వదిలేస్తారు. బయట నుంచి భుజంతో రెండుసార్లు గట్టిగా తోస్తే ఆ గడియ ఊడి కింద పడుతుంది.

దీనికి మందు చవకే. వడ్రంగిని ఒక పూట పిలవండి. గడియల్ని స్క్రూలతో కాకుండా తలుపులోంచి అవతలికి దిగే బోల్టులు, నట్లతో బిగించమనండి. నట్టు తలుపుకి లోపలి వైపు ఉండాలి, బయట వైపు నున్నటి గుండు తలే కనిపించాలి. ద్వారబంధం వైపు గడియ దిగే చోట కనీసం రెండున్నర, మూడు అంగుళాల స్క్రూలు వేయించండి. ఆపైన అడ్డగడియ పెట్టించండి. పాత పెంకుటిళ్ళలో మన పెద్దవాళ్ళకి ఉన్నదే ఇది. తలుపుకి అటూ ఇటూ గోడలోకి రెండు ఇనుప కొక్కేలు దింపి, వాటిలో ఒక మందపాటి ఇనుప పట్టీనో కర్రనో అడ్డంగా పెడతారు. వెల్డింగు షాపులో చెబితే కొలత తీసుకుని చేసిస్తారు. తలుపు లోపలికి తెరుచుకునేదైతే దీన్ని మించిన కాపలా లేదు. మీ తలుపు బయటికి తెరుచుకుంటుందా? అయితే అడ్డగడియ అంత పని చేయదు. బందులు కూడా బయటే ఉంటాయి కాబట్టి వాటి పిన్నులు ఊడకుండా పైనా కిందా చిన్న వెల్డింగు వేయించండి. సామానుకీ కూలికీ కలిపి రెండున్నర, మూడు వేల లోపు అవుతుందనుకోండి. మీ పది వేలల్లో మొదటి ఖర్చు ఇదే కావాలి.

వడ్రంగి వచ్చిన పూటే డాబా మెట్ల గది తలుపు కూడా చూపించండి. పైభాగం ఖాళీ అన్నారు కాబట్టి ఇది మరీ ముఖ్యం. డాబా మీదికి ఎక్కినవాడు వీధిలో ఎవరికీ కనపడడు, తీరిగ్గా పని చేసుకుంటాడు. బాత్రూం వెంటిలేటరుకి గాజు పలకలు మాత్రమే ఉంటే అవి ఒక్కొక్కటీ చప్పుడు లేకుండా బయటికి వచ్చేస్తాయి, రెండు ఊచలు వేయించండి.

వీధి గుమ్మానికి వేలాడే తాళం కప్ప ‘ఇంట్లో ఎవరూ లేరు’ అని వీధంతటికీ చెబుతుంది. వీలైతే తలుపులోనే ఇమిడిపోయే ఇంటర్‌లాక్ వేయించండి, వడ్రంగి కూలి కాక రెండు వేల చుట్టుపక్కల మంచిదే వస్తుంది. అది కుదరకపోతే వరండా గ్రిల్లుకి ఒక తెర కట్టి తాళం కనపడకుండా చేయండి. గేటుకి బయట వైపు పెద్ద తాళం వేయకండి, గొలుసు లోపలికి తిప్పి వేయండి. తాళం చెవి కుండీ కింద, చెప్పుల స్టాండులో, ద్వారబంధం పైన దాచే అలవాటు ఉంటే ఇవాళే మానేయండి. ఆ చోట్లు అందరికీ తెలుసు.

ఖాళీ ఇల్లు ఎలా తెలుస్తుందో చెబుతాను. మన ఊళ్ళలో అది వాకిట్లోనే తెలిసిపోతుంది. పొద్దున్నే ఊడ్చి, నీళ్ళు చల్లి, ముగ్గు పెట్టని గుమ్మం వీధిలో ఒక్కటే ఉంటే వేరే చెప్పాలా? ధనుర్మాసంలో అయితే మరీను, అన్ని వాకిళ్ళూ కళకళలాడుతుంటే మీ ఒక్క వాకిలి బోసిగా ఉంటుంది. అందుకని మీ పనమ్మాయికి ఈ రెండు నెలల జీతం ఆపకండి. పూర్తిగా ఇవ్వలేకపోతే సగమైనా ఇవ్వండి. రోజూ గేటు లోపల ఊడ్చి, నీళ్ళు చల్లి, ముగ్గు వేసి, పడి ఉన్న కాగితాలూ కరపత్రాలూ తీసేయమనండి. ఇంటి తాళాలు ఇవ్వక్కర్లేదు. ఇల్లు ఎవరైనా దోస్తే చాలామంది మొదట పనిమనిషినే అనుమానిస్తారు. అది నాకు చాలా బాధ కలిగించే విషయం. రోజూ ఆ వాకిట్లో వంగి పని చేసే మనిషికే గొళ్ళెం కొంచెం పక్కకి వంగినా ముందు కనిపిస్తుంది. ఆమెను మీ వైపు మనిషిగా చూడండి.

పేపరూ పాలూ ఆపేయమని చెప్పండి. వాళ్ళతో ‘రెండు నెలలు ఊరికి వెళ్తున్నాం’ అనక్కర్లేదు, ‘మళ్ళీ చెప్పేదాకా వద్దు’ అంటే చాలు. మీరు వెళ్ళే సంగతి ఎడమ పక్కవాళ్ళకీ, కుడి పక్కవాళ్ళకీ, వెనక పెరటివాళ్ళకీ మాత్రం తెలియాలి. కిరాణా కొట్లో, ఆటోలో, స్టేషన్‌లో ఈ కబుర్లు వద్దు. రైల్లో కూర్చున్న ఫోటో వాట్సాప్ స్టేటస్‌లో పెట్టకండి. మనవడో మనవరాలో పుట్టాక ఫోటోలు పెట్టుకోవాలని మనసు లాగుతుంది, నాకు తెలుసు. దగ్గరివాళ్ళకి విడిగా పంపుకోండి.

పగలూ రాత్రీ ఒకే బల్బు వెలుగుతూ ఉండేలా వదిలి వెళ్ళడం చాలామంది చేస్తారు. మిట్ట మధ్యాహ్నం వరండాలో లైటు వెలుగుతుంటే దొంగకి ఇంకేం కావాలి? చీకటి పడగానే వెలిగి తెల్లారగానే ఆరిపోయే సెన్సార్ బల్బులు ఇప్పుడు మూడు నాలుగు వందలకి దొరుకుతున్నాయి. అలాంటిది వీధి వైపు ఒకటి, మనిషి కదిలితే చటుక్కున వెలిగేది పెరట్లో ఒకటి పెట్టండి. పెరట్లో లైటు వెలగగానే ఒకసారి తొంగి చూడమని వెనకింటివాళ్ళకి చెప్పి ఉంచండి. గంటస్తంభం దగ్గరి బజారులో ఏ ఎలక్ట్రికల్ షాపులో అడిగినా చూపిస్తారు.

ఈ ఏర్పాట్లు రెండు నెలల ప్రయాణానికే అనుకోకండి. పైడితల్లమ్మ సిరిమానోత్సవం నాడు మధ్యాహ్నం నుంచి మూడు లాంతర్ల కూడలికీ కోటకీ మధ్య ఊరంతా చేరిపోతుంది, కాలనీలు నిర్మానుష్యమైపోతాయి. వేసవిలో కరెంటు పోతే డాబా మీద పడుకుంటాం, కింద వీధి తలుపు దగ్గరగా వేసి ఉంటుంది. ఈ అడ్డగడియా, ఈ బల్బులూ ఆ రోజుల్లో కూడా మీకు పనికొస్తాయి.

బంగారం. పదిహేను తులాలు బీరువాలో పెట్టి రెండు నెలలు వెళ్ళడం నేను ఒప్పుకోను. తులం లక్ష దాటిన రోజులివి. బీరువా తాళం చెవి చీరల మడతల్లోనో, పరుపు కిందో, దేవుడి గూట్లోనో ఉంటుందని దొంగకి తెలుసు. చెవి దొరక్కపోయినా రాడ్డుతో ఆ రేకు తలుపు వంచడం వాడికి పెద్ద పని కాదు. అందుకని వెళ్ళేలోగా బ్యాంకు లాకరు తీసుకోండి. చిన్న లాకరుకి బ్యాంకునీ బ్రాంచినీ బట్టి ఏడాదికి వెయ్యి నుంచి రెండు వేలు, పైన జీఎస్టీ అవుతుంది. ఖాళీ లేదంటే ఊరికే తిరిగి రాకండి, వెయిటింగ్ లిస్టులో పేరు రాయించుకుని నంబరు ఇవ్వమని అడగండి. అలా ఇవ్వాలని రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులో ఇచ్చిన నిబంధనల్లోనే ఉంది. అవి 2022 జనవరి 1 నుంచి అమల్లో ఉన్నాయి. అద్దె వసూలు భద్రత కోసం మూడేళ్ళ అద్దెకీ, అవసరమైతే లాకరు పగలగొట్టే ఖర్చుకీ సరిపడా డిపాజిట్ మాత్రం బ్యాంకు అడగొచ్చు. లక్షల్లో ఎఫ్‌డీ వేస్తేనో పాలసీ తీసుకుంటేనో లాకరు అంటే తలూపకండి, ఆ నిబంధన చూపించమని అడగండి.

లాకరు గురించి ఒకటి తెలిసి ఉండాలి. బ్యాంకులో దొంగతనం, దోపిడీ, అగ్నిప్రమాదం, ఉద్యోగుల మోసం లాంటివి జరిగితే బ్యాంకు బాధ్యత ఏడాది అద్దెకి వంద రెట్ల వరకే. పదిహేను వందలు అద్దె అయితే లక్షన్నర. మీ బంగారం విలువ దానికి ఎన్నో రెట్లు. అయినా తాళం వేసిన ఇంట్లో బీరువా కన్నా బ్యాంకు స్ట్రాంగ్‌రూమ్ వెయ్యి రెట్లు నయం, అందులో నాకు ఏ సందేహమూ లేదు. లాకరుకి నామినీగా అమ్మాయి పేరు రాయించడం మరవకండి.

నగలు లాకరులో పెట్టే ముందు ఒక్కొక్కటీ తెల్లటి గుడ్డ మీద పెట్టి ఫోటో తీయండి, తూకం రాసుకోండి, బిల్లులున్నవాటికి బిల్లు ఫోటో కూడా. 2023 ఏప్రిల్ 1 తర్వాత కొన్న హాల్‌మార్కు నగ అయితే దాని మీద ఆరు అక్షరాలూ అంకెల హెచ్‌యూఐడీ గుర్తు ఉంటుంది, అది రాసి పెట్టుకోండి. ఎప్పుడైనా నగలు పోయి దొరికితే అవి మీవేనని చూపడానికి ఇవే ఆధారం.

ఇన్సూరెన్స్ సంగతి చాలామంది పొరబడతారు కాబట్టి చెబుతున్నాను. 2021 ఏప్రిల్ నుంచి అన్ని జనరల్ ఇన్సూరెన్స్ కంపెనీలూ అమ్ముతున్న ‘భారత్ గృహ రక్ష’ పాలసీ తుపాను, వరద, అగ్నిప్రమాదం లాంటివాటికి మంచిదే. అందులో దొంగతనం మాత్రం, అలాంటి విపత్తు వల్ల, అది జరిగిన 7 రోజుల్లోపు జరిగితేనే వర్తిస్తుంది. మామూలు రోజున తాళం పగలగొట్టి దోచుకుంటే దానికి బర్గ్లరీ కవరు విడిగా తీసుకోవాలి. ఏజెంటు ‘అన్నీ ఉన్నాయమ్మా’ అంటే, ఆ మాట పాలసీ కాగితంలో ఎక్కడుందో వేలు పెట్టి చూపించమనండి.

ఇప్పుడు కెమెరాలు. ముప్ఫై వేలు పెట్టి నాలుగు కెమెరాలు మీకు అనవసరం. మంకీ క్యాపు పెట్టుకుని వచ్చినవాడి ముఖం ఏ కెమెరా చూపిస్తుంది? రికార్డింగు డబ్బా హాల్లో టీవీ కింద కనపడేలా ఉంటే దాన్నీ పట్టుకుపోతారు. మీకు కావాలంటే పదిహేను వందల నుంచి రెండున్నర వేల లోపు వచ్చే వైఫై కెమెరా ఒక్కటి చాలు. ఇంటి లోపల, పెరటి తలుపూ హాలూ రెండూ కనపడేలా పెట్టించండి. మనిషి కదిలితే హైదరాబాదులో మీ ఫోను మోగేలా, అమ్మాయి ఫోను కూడా మోగేలా పెట్టుకోండి. డబ్బాలోంచి తీసినప్పుడు ఉన్న పాస్‌వర్డు తప్పకుండా మార్చండి. కరెంటు పోతే వైఫై పోతుంది, కెమెరా గుడ్డిదవుతుంది. రౌటరుకి చిన్న యూపీఎస్ పెడితే కొన్ని గంటలు నిలుస్తుంది. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు మన దగ్గర ఎన్ని రోజులు కరెంటు లేదో మీకు గుర్తుండే ఉంటుంది. అలాంటప్పుడు పక్కింటివాళ్ళ కన్నే దిక్కు. కెమెరా ఆఖరున పెట్టమన్నది ఇందుకే.

అన్నిటికీ మించి, డబ్బు అడగని కాపలా ఒకటి ఉంది. ఆంధ్రప్రదేశ్ పోలీసుల ఎల్‌హెచ్‌ఎంఎస్, అంటే తాళం వేసిన ఇళ్ళ మీద నిఘా పెట్టే ఏర్పాటు. ఫోనులో యాప్ వేసుకుని చిరునామాతో పేరు నమోదు చేసుకుంటే, ఊరెళ్ళే తేదీలు చెప్పినప్పుడు పోలీసులు వచ్చి ఇంట్లో ఒక కెమెరా పెడతారు. మీరు లేనప్పుడు లోపల ఎవరైనా కదిలితే కంట్రోల్ రూముకి తెలుస్తుంది, దగ్గర్లోని సిబ్బంది వస్తారు. ఇది ఉచితం. వెళ్ళడానికి వారం పది రోజుల ముందే మీ స్టేషన్‌కి మీ వారిని స్వయంగా వెళ్ళి మాట్లాడమనండి. కెమెరా దొరికినా దొరక్కపోయినా, ఇంటి చిరునామా, వెళ్ళే తేదీ, వచ్చే తేదీ, పక్కింటివాళ్ళ ఫోను నంబరు ఒక కాగితం మీద రాసిచ్చి రావాలి. రాత్రి గస్తీ తిరిగేవాళ్ళు మీ వీధి మీదుగా వెళ్ళమని అడగండి. స్టేషన్ గుమ్మం ఎక్కడం మనవాళ్ళకి నామోషీ. దయచేసి ఆ మొహమాటం పెట్టుకోకండి.

ఇంత చేశాక కూడా ఏదైనా జరిగితే ఏం చేయాలో ఇప్పుడే పక్కింటివాళ్ళతో చెప్పి ఉంచండి. తాళం విరిగి కనిపిస్తే లోపలికి వెళ్ళకూడదు, లోపల మనిషి ఉండొచ్చు. దూరంగా నిలబడి 112కి ఫోను చేయాలి. పోలీసులు వచ్చేదాకా గొళ్ళెం గానీ బీరువా తలుపు గానీ ముట్టుకోకూడదు. మనం కంగారులో సర్దేస్తే క్లూస్ టీముకి వేలిముద్రలు దొరకవు. మీరు హైదరాబాదు నుంచి వెంటనే పరిగెత్తుకు రాలేకపోవచ్చు. 2024 జులై 1 నుంచి పాత సీఆర్‌పీసీ బదులు అమల్లోకి వచ్చిన కొత్త చట్టం, బీఎన్ఎస్ఎస్, ప్రకారం ఎలక్ట్రానిక్ పద్ధతిలో కూడా ఫిర్యాదు పంపొచ్చు, 3 రోజుల్లోపు దాని మీద సంతకం చేయాలి. హైదరాబాదులో మీరున్న చోటి పోలీసు స్టేషన్‌లో ఇచ్చినా తీసుకోవాలి. ఎఫ్ఐఆర్ కాపీ మీకు ఉచితంగా ఇవ్వాలి, అడిగి తీసుకోండి. మీరు ఇంట్లో ఉన్న రోజున రాత్రి చప్పుడైతే గది లోపల గడియ పెట్టుకుని గట్టిగా కేకలేయండి, లైట్లు వేయండి, 112కి ఫోను చేయండి. మీ వారిని కర్ర పట్టుకుని పెరట్లోకి వెళ్ళనివ్వకండి. నగలు పోతే మళ్ళీ చేయించుకోవచ్చు.

పైభాగం అద్దెకివ్వడం గురించి అడిగారు. ఇవ్వండి. నా దృష్టిలో మీరు రాసినవాటన్నిటిలో మంచి ఆలోచన ఇదే. మెట్ల మీద చెప్పులు, డాబా మీద ఆరేసిన బట్టలు, సాయంత్రం కుక్కరు విజిలు ఉన్న ఇల్లు ఖాళీ ఇంటిలా కనపడదు. అయితే మీ ప్రయాణం తరుముకొస్తోందని ఎవరు ముందొస్తే వాళ్ళకి ఇచ్చేయకండి. జేఎన్‌టీయూలోనో, ఎంవీజీఆర్ ఇంజినీరింగ్ కాలేజీలోనో, ఏదైనా ఆసుపత్రిలోనో పనిచేసే చిన్న కుటుంబాన్ని తెలిసినవాళ్ళ ద్వారా వెతకండి. పనిచేసే చోట ఒకసారి విచారించండి. ఆధార్ కాపీ తీసుకుని ఆ వివరాలు స్టేషన్‌లో ఇవ్వండి. అద్దె ఒప్పందం కాగితం మీద రాసుకోండి. వాళ్ళు దిగిన కనీసం పదిహేను రోజుల తర్వాతే మీరు బయల్దేరండి. ఈలోగా మనుషులెలాంటివాళ్ళో తెలుస్తుంది, వీధివాళ్ళకీ అలవాటవుతారు. అద్దె ఐదొందలు తగ్గించి అడిగినా మంచి కుటుంబమైతే ఒప్పుకోండి. పైకీ కిందకీ మధ్య లోపలి మెట్లు ఉంటే మాత్రం కింది వైపు నుంచి గట్టి గడియ వేయించాకే తాళాలు చేతికివ్వండి.